మాస్టారి పాదాలకు కాల్చిన పెట్రోలు

జనవరి, రెండో శనివారం, సాయంత్రం. నోవై ఊళ్లో మా అమ్మాయి ఇల్లు, భోజనాల బల్ల.
హాజరు: మా అమ్మాయి, అల్లుడు, మనవరాలు, మాస్టారు, మాస్టారి అబ్బాయి, నేను.
చర్చనీయాంశం: నా కారు తాళం.

తేదీ, హాజరు వేయనిదే డైరీలో పేజీ మొదలుపెట్టకపోవడం నాకు బస్సు డిపోలో అబ్బిన అలవాటు. డిపోలో ఏ సమావేశమైనా చర్చనీయాంశం ముందే కాగితం మీద ఉండేది. ఆ సాయంత్రం మాత్రం అది భోజనం సగమయ్యేదాకా నాకు తెలియలేదు. "మాస్టారు జ్వరం నుంచి లేచారు కదా నాన్నా, శనివారం భోజనానికి పిలుద్దాం" అని మా అమ్మాయి అంటే మంచి మాటే అనుకున్నాను. గుత్తివంకాయకు కాయలు నేనే ఏరి తెచ్చాను. తెచ్చింది కూడా ఆ కారులోనే.

ఆ కారు ఒకప్పుడు మా అమ్మాయిది. ఈ దేశంలో ఆమె కొనుక్కున్న మొదటి బండి. మా ఆవిడ పోయాక నేను ఇక్కడికి వచ్చేస్తే, అల్లుడు దాని తాళం నా చేతిలో పెట్టి, "మామయ్యగారూ, ఇక ఇది మీ బండే అనుకోండి" అన్నాడు. అనుకున్నాను. బతుకంతా బస్సుల కింద పడుకుని పని చేసినవాణ్ణి, కుడివైపు నడపడం నేర్చుకోవడానికి ఎక్కువ కాలం పట్టలేదు. మనవరాలిని స్కూలు నుంచి తీసుకురావడం, కూరలు, లైబ్రరీ, మందులు, శనివారం గుడి అన్నీ నా మీదే ఉండేవి. ఈ ఊళ్లో చలికాలం కాలిబాటల మీదికి మంచు తోసి గుట్టలు పోస్తారు. నడిచి పోదామంటే దారి ఉండదు. జేబులో తాళం ఉంటే ఆ ఇంట్లో నేనొక మనిషిని. లేకపోతే ఎవరో ఒకరు ఎక్కించుకుని ఎవరో ఒకరు దింపవలసిన సామానుని. ఇది నాకు వచ్చిన వారంలోనే అర్థమైంది. మిగతావాళ్లకు ఇప్పటికీ కాలేదు.

మా డిపో గేటు పక్కన ఒక నల్లబల్ల ఉండేది. ప్రతి డ్రైవరు పేరు, ఎదురుగా అతని కేఎంపీఎల్. అంటే లీటరుకు ఎన్ని కిలోమీటర్లు నడిపాడన్నది. ఎక్కువ తెచ్చినవాడు కాలర్ ఎగరేసుకుని లోపలికి వచ్చేవాడు, తక్కువ తెచ్చినవాడు బల్ల వైపు చూడకుండా సైకిలు నెట్టుకుంటూ పోయేవాడు. ఆ అంకెలు వేయించేది నేనే. ఇంజను ఉత్తినే ఆడిస్తున్నావెందుకు, క్లచ్ మీద కాలు తియ్యి, బ్రేకు వేసేదాకా ఆగకుండా, ముందే యాక్సిలరేటరు వదులు. ఈ మూడు మాటలూ నా నోట రాని రోజు లేదు.

ఇక్కడ మొదటి చలికాలం ట్యాంకు నింపి లెక్క వేసుకుంటే నా మీద నాకే అనుమానం వచ్చింది. వేసవిలో గ్యాలనుకు ముప్పై మైళ్లు హాయిగా ఇచ్చిన బండి ఇరవైల్లోకి జారిపోయింది. డిపోలో అయితే అలాంటి డ్రైవరుని గదిలోకి పిలిచి, డీజిల్ ఎక్కడ అమ్ముకున్నావని అడిగేవాళ్లం. నన్ను అడిగేవాళ్లు లేరు కాబట్టి నేనే కారణాలు వెతుక్కున్నాను. చలికి టైర్లలో గాలి కుంచించుకుపోతుంది. ఆయిలు చిక్కబడుతుంది. ఇంజను వేడెక్కేదాకా మామూలు కంటే ఎక్కువ తాగుతుంది, మనం తిరిగే చిన్న చిన్న దూరాల్లో అది వేడెక్కకముందే ఇల్లు వచ్చేస్తుంది. పైగా డిక్కీలో పడేసిన సామాను, కారు మీద అల్లుడు మంచుజారుడు ఆట కోసం బిగించి ఒక్కసారి వాడి వదిలేసిన కడ్డీలు.

కడ్డీలు విప్పేశాను. డిక్కీ ఖాళీ చేశాను. బండి కదలకముందే, టైర్లు చల్లగా ఉండగా వారానికోసారి గాలి చూసేవాణ్ణి. పనులన్నీ ఒకే తిరుగుడులో పెట్టుకున్నాను. అందులోనూ ముందు అన్నిటికంటే దూరం చోటికి పోవాలి. ఇంజను పూర్తిగా వేడెక్కుతుంది. ఆ వేడి మీదే దగ్గర పనులు చూసుకుంటూ ఇంటికి రావాలి. అన్నిటికంటే ముఖ్యం, బండిని నిలబెట్టి వేడి చేయకూడదు. బయట నిలిపి ఉంటే అద్దాల మీద, టాపు మీద మంచు దులిపి, స్టార్ట్ చేసి, అర నిమిషం ఆగి, మెల్లగా కదిలిస్తే చాలు. నడిచే ఇంజను తొందరగా వేడెక్కుతుంది. నిలబడ్డ బండి ఎంత కాల్చినా కేఎంపీఎల్ సున్నాయే. గరాజ్ గోడకు చిన్న తెల్లబోర్డు తగిలించి, ఏ రోజు ఏ మైలేజీ వచ్చిందో రాసేవాణ్ణి. అల్లుడు స్నేహితులు వస్తే నవ్వుకుంటూ ఫొటో తీసుకునేవారు. తీసుకోనిచ్చాను.

మా అమ్మాయి వాళ్ల పద్ధతి వేరు. మంచం మీంచే మీట నొక్కుతారు, వాకిట్లో బండి దానంతటదే స్టార్ట్ అవుతుంది. వీళ్లు కాఫీ తాగి, ఫోను చూసుకుని, బూట్లు వెతుక్కుని వచ్చేసరికి సీటు వెచ్చగా ఉండాలి. అంతసేపూ మనిషి లేని బండి పొగ వదులుతూ ఆడుతూ ఉంటుంది. నా బండికి కూడా అల్లుడు ఆ మీట పెట్టించాడు. నేను వాడలేదు.

"తాతయ్యా, కార్‌లో నా బ్రెత్ కనిపిస్తోంది!" అనేది మనవరాలు.

"మంచిదే. ఊపిరి ఉందన్నమాట."

"నాట్ ఫన్నీ, తాతయ్యా."

"రెండు సిగ్నళ్లు దాటనివ్వు, వేడి వస్తుంది."

వచ్చేది కూడా. కానీ ఆ రెండు సిగ్నళ్లే మా ఇంట్లో కథలైపోయాయి. 'నాన్న కార్' అంటే చలి అని అర్థం ఏర్పడిపోయింది.

ఇక మాస్టారు. మా వెనక వీధిలో కొడుకు ఇంట్లో ఉండేవారు. కరీంనగర్ వైపు హెడ్మాస్టరుగా చేసి రిటైరయ్యారు. కారు నడపడం రాదు, నేర్చుకోవాలన్న ఆశా లేదు. శనివారాలు నాతో గుడికి వచ్చేవారు. ఆ భోజనానికి ముందటి మే నెలలో ఆయన భార్యకు గుండె ఆపరేషను జరిగింది. ఆవిడ బతికి ఇంటికి వస్తే ఏడాది పాటు ప్రతి శనివారం గుడి చుట్టూ చెప్పుల్లేకుండా పదకొండు ప్రదక్షిణలు చేస్తానని ఆయన మొక్కుకున్నారు. ఆవిడ వచ్చింది. ఎండాకాలం గడిచింది, ఆకులు రాలాయి, మంచు పడింది. ఆయన బూట్లు విప్పి నా బండిలో పెట్టి గుడి బయటి దారి పట్టారు.

"లోపల తిరగండి మాస్టారూ. కార్పెట్ ఉంది, హీటరుంది, దేవుడు కూడా అక్కడే ఉన్నాడు" అన్నాను.

"లోపల తిరిగితే దేవుని చుట్టు తిరిగినట్టయితది. నేను గుడి చుట్టు అని మొక్కిన."

"మొక్కేటప్పుడు ఇక్కడ మంచు పడుతుందని తెలీదా?"

"మొక్కింది మే నెలల. అప్పుడు ఎండ మంచిగుండె."

"పోనీ మేజోళ్లన్నా వేసుకోండి."

"మీరు ఇంజన్ల సంగతి చూస్కోండ్రి, డిపో సారూ. మేజోళ్ల సంగతి నేను ఆయనతోటి మాట్లాడుకుంట." ఆయన అంటే దేవుడు. బండి తలుపు వేస్తూ, "మా పిలగానికి చెప్పకుండ్రి. గుడికి రావుడే బంద్ చేస్తడు. మా ఆమెకైతే అసలే వద్దు. తన కోసమని తెలిస్తే ఏడుస్తది. ఆమె ఏడ్వద్దని డాక్టర్ చెప్పిండు" అన్నారు.

చెప్పనన్నాను.

గుడి ముందు భాగం దారి ఉప్పు చల్లి శుభ్రంగా ఉంచుతారు. వెనక వైపు ఎవరూ నడవరు కాబట్టి మంచు అలాగే ఉంటుంది. ఆయన తిరుగుతుంటే నేను ఇంజను ఆపేసి బండిలో కూర్చునేవాణ్ణి. ఎన్నో చుట్టో లెక్కపెట్టుకుంటూ, ఆఖరి చుట్టుకు ఆయన మూల తిరిగేసరికి స్టార్ట్ చేసేవాణ్ణి. అంతకుముందే దూరం దుకాణానికి పోయి వచ్చిన ఇంజను కాబట్టి వేడి ఇంకా దాంట్లో ఉండేది. హీటరు గాలి మొత్తం కింద పాదాల వైపు తిప్పి, పూర్తిగా పెంచి పెట్టేవాణ్ణి. తువ్వాలు ఒకటి, మనవరాలి పాత స్వెట్టరు ఒకటి అందుకే సీటు వెనక ఉండేవి. ఆయన తెల్లగా పాలిపోయిన కాలివేళ్లు ఆ గాలికి పెట్టి కూర్చునేవారు. రంగు వచ్చేదాకా బండి కదిలించేవాణ్ణి కాదు. నా ఉద్యోగం మొత్తంలో నిలబెట్టి ఇంజను ఆడించమని ఎవరికీ చెప్పి ఎరగను. ఆ శనివారాలు నేనే ఆడించాను.

"ఏం సారూ, ఇయ్యాల పెట్రోలు దేవుని ఖాతల రాస్తరా?" అనేవారు వేళ్లు కదిలించుకుంటూ.

"మీ కాళ్ల ఖాతాలో రాస్తాను."

ఇంటికి వచ్చి బోర్డు మీద ఆ రోజు మైలేజీ ఉన్నదున్నట్టు రాసేవాణ్ణి. వారం మొత్తంలో అదే అధ్వాన్నం. ఎందుకన్నది ఎక్కడా రాయలేదు, డైరీలో కూడా. నా మైలేజీ రాసుకుంటాను గాని ఇంకొకరి మొక్కులు రాయను. ఇప్పుడు రాస్తున్నానంటే, మొక్కు తీరిపోయింది, ఆయన క్యారీ అనే ఊళ్లో ఉన్న కూతురి దగ్గరికి మారిపోయారు, భార్యకు తానే చెప్పుకున్నారట కూడా. ఆవిడ ఏడవలేదట, తిట్టిందట. మా ఇంట్లో మాత్రం ఇంతవరకు ఎవరూ చెప్పలేదు.

డిసెంబరు ఆఖరి శనివారం గాలి మరీ ఎక్కువగా ఉంది. వద్దన్నా వినకుండా పదకొండూ తిరిగారు. మర్నాడు జ్వరం. దగ్గు ఛాతీలోకి దిగింది. కాలి రెండు వేళ్ల మీద బొబ్బలు. డాక్టరు వేళ్లు చూసి, కాళ్లు ఇంత చలికి ఎక్కడ గురయ్యాయని అడిగాడట. "నాన్నా, అంకుల్ కార్‌లో చలిగా ఉంటుందా?" అని కొడుకు అడిగితే, "ఆ, చలిగనే ఉంటది" అన్నారట మాస్టారు. ఈ సంగతి నాకు భోజనాల బల్ల దగ్గరే తెలిసింది.

శనివారం కాబట్టి ఆయనకు ఒక్కపొద్దు. మా అమ్మాయి విడిగా చపాతీలు చేసింది. అందరి కంచాల్లో వంకాయ కూర పడ్డాక మాస్టారి అబ్బాయి స్పూను పక్కన పెట్టాడు.

"అంకుల్, ప్లీజ్ డోంట్ మైండ్. మీరు నాన్నకి చాలా హెల్ప్ చేశారు. కానీ ఆయనకి సెవెంటీ ఫోర్. హీట్ లేని కార్‌లో తీసుకెళ్తే ఎట్లా? డాక్టర్ ఆ టోస్ చూసి షాక్ అయ్యాడు. కనీసం కాళ్ల దగ్గరైనా హీట్ ఆన్ చేయాల్సింది."

కాళ్ల దగ్గర. నేను మాస్టారి వైపు చూశాను. ఆయన చపాతీ తుంచుతున్నారు.

"హీటరు వేస్తాను బాబూ" అన్నాను. "ఇంజను వేడెక్కాక వేస్తాను. అది ఇంజను వేడి మీద నడిచేదే, దానికి వేరే ఖర్చు లేదు."

"చూశావా!" అంది మా అమ్మాయి. "ఖర్చు! ప్రతిదానికీ ఖర్చేనా నాన్నా? నీకు పెట్రోల్ డబ్బులు మేము ఇవ్వలేమా? మనిషి సిక్ అయ్యారు!"

నేను ఖర్చు లేదన్నాను. ఆమెకు ఖర్చు అన్న మాట ఒక్కటే వినపడింది.

అల్లుడు నెమ్మదస్తుడు. గొంతు పెంచడు. "మామయ్యగారూ, మీ బోర్డు చూశాను. వీక్‌డేస్ నిజంగా బాగున్నాయి, ఐ అగ్రీ. కానీ సాటర్‌డేస్ చూడండి, అన్నిటికంటే వరస్ట్. అంటే ఇంత చలిలో మాస్టారిని ఫ్రీజ్ చేసి కూడా మీకు సేవ్ అయ్యిందేమీ లేదు" అని నవ్వాడు. మాస్టారి అబ్బాయి కూడా కొంచెం నవ్వాడు.

మాస్టారు చపాతీ ముక్కల్ని ఇంకా చిన్న ముక్కలు చేస్తున్నారు. ఒక్కటీ నోట్లో పెట్టుకోలేదు.

"మాస్టారూ, మీరే చెప్పండి" అన్నాను. "నా బండిలో మీకు చలేసిందా?"

అందరూ ఆయన వైపు తిరిగారు. ఆయన కొడుకును చూశారు, తర్వాత నన్ను.

"చలి అంటే... చలికాలంల చలి ఉంటది కద, సారూ."

బల్ల చుట్టూ నవ్వులు. బడిపిల్లల ముందు నలభై ఏళ్లు మాట్లాడిన మనిషికి ఆ నవ్వుల్లోకి జారుకోవడం కష్టం కాలేదు.

"తాతయ్యా, ఐ కెన్ డ్రైవ్ యూ" అంది మనవరాలు. నిజంగా ప్రేమగానే అంది. "ఎక్కడికి కావాలంటే అక్కడికి. జస్ట్ టెక్స్ట్ మీ."

"అదే నేనూ అనుకుంటున్నాను" అంది మా అమ్మాయి గబగబా. "దానికి లైసెన్స్ వచ్చింది. స్కూల్‌కి ఎలాగూ కార్ కావాలి. ఇంకోటి కొని వాకిట్లో ఎక్కడ పెడతాం? నువ్వూ ఈ మంచులో డ్రైవ్ చేయడం మాకు టెన్షనే నాన్నా."

అప్పుడు తెలిసింది. ఈ నిర్ణయం మాస్టారి జ్వరం కంటే ముందుది. మనవరాలికి లైసెన్సు వచ్చిన రోజుది. డిపోలో ఒక డ్రైవరుని రూటు నుంచి తప్పించాలనుకుంటే ముందు అతని కేఎంపీఎల్ బయటికి తీసేవారు. అసలు కారణం అదే అయి ఉండనవసరం లేదు. చూపడానికి ఒకటి కావాలి. ఇక్కడ మాస్టారి కాలివేళ్లు దొరికాయి.

ఒక్క మాట చాలు. "ఆయన మంచులో చెప్పుల్లేకుండా తిరిగారు" అంటే చాలు. నేను అనలేదు. మాటిచ్చాను, వెనక వీధిలో ఆవిడ కుట్లు పడ్డ గుండెతో ఉంది. ఇందులో గొప్పేమీ లేదు. ఆయనే చెబుతారని పెరుగన్నం ఆఖరి ముద్ద దాకా చూశాను. ఆయన మజ్జిగ తాగారు.

చెయ్యి కడుక్కుని వచ్చి, నా తాళాల గుత్తిలోంచి కారు తాళం విడదీసి ఊరగాయ సీసా పక్కన పెట్టాను. గుత్తికి ఇక మిగిలింది నా పెట్టె తాళం ఒక్కటే.

"ఇప్పుడే ఇవ్వమని ఎవరన్నారు నాన్నా" అంది మా అమ్మాయి, తాళం తీసుకుంటూ.

వాళ్లు బయల్దేరేటప్పుడు గుమ్మం దగ్గర మాస్టారు బూట్లలోకి వంగలేకపోయారు. వేళ్లకు ఇంకా కట్టు ఉంది. కొడుకు అప్పటికే వాళ్ల కారు వేడి చేయడానికి బయటికి వెళ్లాడు. నేను కింద కూర్చుని, కట్టు కదలకుండా ఒక్కో పాదం బూటులోకి దించాను. ఆయన ఆసరాకు నా భుజం పట్టుకుని, ఎవరికీ వినపడకుండా, "మాట నిలబెట్టిండ్రు, సారూ" అన్నారు.

నేను లేసు ముడివేశాను.

మర్నాడు ఆదివారం. లేచి కోటు తొడుక్కుని, జేబులో గాలి చూసే గేజీ వేసుకుని గరాజ్‌లోకి వెళ్లాను. అలవాటు. బండి అక్కడ లేదు. మనవరాలు రాత్రే వాకిట్లోకి తీసి పెట్టుకుంది. బయటికి వచ్చి చూస్తే బండిలో ఎవరూ లేరు, ఇంజను ఆడుతోంది. టాపు మీద మంచు దుప్పటిలా అలాగే ఉంది. ముందు అద్దం మీద మాత్రం కరిగి కారుతోంది. నేను టైరు దగ్గర కూర్చుని గేజీ పెట్టాను. గాలి తగ్గింది. పంపు తెచ్చి నింపుదామని లేస్తుండగా ఫోను మోగింది. మాస్టారు.

"సారూ, రాత్రి ఏమనుకోలే కద?"

"లేదు."

"అనుకోరని తెలుసు. మా పిలగాని ముంగట ఏం చెప్పాల్నో తోచలే." దగ్గారు. "జ్వరంల రెండు శనివారాలు తప్పినయి. అవి ఆఖర్న కలుపుకుంట. వచ్చే వారం పోదాం?"

"తాళం నా దగ్గర లేదు మాస్టారూ. మీరు చూశారు కదా."

"ఔను కద." మళ్లీ దగ్గారు. తర్వాత, "మీ మనుమరాలు తీస్కపోతనన్నది కద" అన్నారు. "మంచిదే అయింది. ఆ పిల్లకు ఇయన్ని తెల్వయి. నేను బయట ఏం చేస్తున్ననో అడగది. ఫోన్ చూస్కుంట కూసుంటది."

"అడగదు" అన్నాను. "బండి కూడా ముందే వేడి చేసి పెడుతుంది. మీకు చలి ఉండదు."

"ఇంకేం మరి" అన్నారు ఆయన. గొంతులో నిజంగానే సంతోషం ఉంది.

ఫోను జేబులో వేసుకున్నాను. పంపు తేలేదు. గరాజ్‌లోకి వెళ్లి బోర్డు తీసి గోడకు తిప్పి పెట్టాను. మనవరాలు ఇంకా కిందికి దిగలేదు. వాకిట్లో బండి ఒక్కటే ఆడుతోంది. పొగగొట్టం కింద మంచు కరిగి, నల్లగా చిన్న గుంట పడింది.